ఇల్లడ పెట్టిన బొమ్మలకు రసీదు ఏది?

సంపాదకులకు,

విషయం: ప్రైవేటు సేకరణల్లోని ఆధునిక చిత్రాలను ప్రభుత్వ మ్యూజియంలకు అప్పగించే పద్ధతి

అయ్యా,

ముంబైలోని జహంగీర్ నికల్సన్ చిత్రసేకరణ ఛత్రపతి శివాజీ మహారాజ్ వాస్తు సంగ్రహాలయంలో ఎలా కొలువుతీరిందో వివరిస్తూ మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. వ్యాసకర్త దానిని ఒక దాత ఔదార్యంగా చూపించారు. బ్యాంకులో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరైనవాడిని కనుక నాకు అందులో ఔదార్యం కంటే ఒప్పందమే పెద్దదిగా కనిపించింది. మన చెన్నైలో అటువంటి ఒప్పందాలు ఎందుకు జరగడం లేదు, జరిగినవి ఎందుకు నిలవడం లేదు అన్న విషయం మీద నాకు తెలిసిన నాలుగు మాటలు, కొంత స్వానుభవంతో కలిపి, మీ పాఠకుల ముందు ఉంచాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నికల్సన్ పత్తి వ్యాపారి. 1968లో మొదటి చిత్రం కొని, 2001లో కన్నుమూసేదాకా కొంటూనే ఉన్నారు. ఆయన పోయేనాటికి దాదాపు 800 కళాఖండాలు పోగయ్యాయి. ఆయన పేరిట 1976లోనే నారిమన్ పాయింట్‌లోని జాతీయ ప్రదర్శన కళల కేంద్రంలో ఒక గ్యాలరీ వెలిసింది. అయినా ఆ సేకరణకు పెద్ద చోటు దొరకడానికి ఆయన మరణం తరువాత పదేళ్లు పట్టింది. 2011లో సంగ్రహాలయం భవనంలోని ఒక భాగంలో దానికి గ్యాలరీ తెరుచుకుంది. ఇక్కడ గమనించవలసిన సంగతి ఏమిటంటే, బొమ్మలు నికల్సన్ పేరిట ఉన్న ఫౌండేషన్ చేతిలోనే ఉన్నాయి, వాటిని చూసుకునే మనుషులూ ఫౌండేషన్ వారే, గోడలూ సందర్శకులూ మాత్రం మ్యూజియంవి. అంటే అది దానం కాదు. ఆ సంగ్రహాలయం కూడా నేరుగా సర్కారు శాఖ కాదు, ట్రస్టు నడిపే సంస్థ. సంతకం పెట్టడానికి వారికి ఏడు బల్లల మీదుగా ఫైలు తిప్పవలసిన పని లేదన్నది కూడా ఈ కథలో ఒక భాగమేనని నా అనుమానం.

పాత తెలుగులో ఇల్లడ అన్న చక్కని మాట ఒకటి ఉంది. నమ్మకం మీద దాచిపెట్టమని ఒకరి దగ్గర ఉంచిన సొమ్ము ఇల్లడ. ఇచ్చినవాడు అడిగితే తిరిగి ఇవ్వాలి, అడిగేదాకా జాగ్రత్తగా ఉంచాలి. దానం అట్లా కాదు, ధారపోసిన తరువాత దాత దానివైపు కన్నెత్తకూడదు. మ్యూజియంల భాషలో ఈ రెండింటికీ మధ్య శాశ్వత ఎరువు అన్న ఒక విచిత్రమైన పద్ధతి ప్రపంచమంతటా చెలామణిలో ఉంది. ఎరువంటే ఇక్కడ వాడుకుని తిరిగి ఇచ్చే అరువు. శాశ్వతమైనది ఎరువు ఎట్లా అవుతుందో, ఎరువు శాశ్వతం ఎట్లా అవుతుందో ఎవరూ విడమరచి చెప్పరు. మన పెద్దవాళ్లు మాత్రం ఎరువు సంగతి ఎప్పుడో తేల్చేశారు. ‘ఎరువుల సొమ్ము బరువుల చేటు, తియ్యా పెట్టా తీపుల చేటు, అందులో ఒకటి పోతే అప్పుల చేటు’ అన్న సామెతను నగల గురించి పుట్టించినా, మ్యూజియం గోడకు ఎరువు తెచ్చి తగిలించిన చిత్రానికి అందులోని ప్రతి ముక్కా వర్తిస్తుంది.

స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో జరిగిన ఒక కథ ఈ సందర్భంలో చెప్పుకోవాలి. వ్యాపారి రుడాల్ఫ్ స్టెహెలిన్ సేకరించిన ఆధునిక చిత్రాలను ఆయన కుటుంబ ఫౌండేషన్ ఆ నగర కళా మ్యూజియంలో చాలాకాలంగా ఎరువుగా ఉంచింది. వాటిలో పికాసో వేసిన రెండు పెద్ద చిత్రాలు ఉన్నాయి, ఒకదానిలో ఇద్దరు అన్నదమ్ములు, మరొకదానిలో కూర్చున్న విదూషకుడు. ఊరి పిల్లలు బడి నుంచి వెళ్లి చూసి పెరిగిన బొమ్మలవి. 1967 ఏప్రిల్‌లో సైప్రస్‌లో ఒక స్విస్ విమానం కూలి 126 మంది మరణించారు. ఆ విమాన సంస్థలో పెద్ద వాటాదారు స్టెహెలిన్ కుమారుడే. సంస్థ దివాలా తీసింది, కుటుంబానికి డబ్బు కావలసి వచ్చింది, పికాసోలను అమ్మజూపారు. చట్టం వారి పక్షానే ఉంది, ఎందుకంటే అవి వారి బొమ్మలు. అప్పుడు ఆ ఊరివాళ్లు చేసిన పని మన ఊహకు అందనిది. 84 లక్షల ఫ్రాంకుల వెలలో 60 లక్షలు ప్రజాధనం నుంచి ఇవ్వడానికి నగరసభ ఒప్పుకుంది, మిగిలిన 24 లక్షల కోసం జనం వీధుల్లో బిచ్చగాళ్ల పండగ పేరుతో జాతర చేసి చందాలు పోగుచేశారు. ప్రజాధనంతో బొమ్మలు కొనడం ఏమిటని అభ్యంతరం చెప్పినవారు సంతకాలు సేకరించి ప్రజాభిప్రాయ సేకరణ జరిపించారు. ఆ డిసెంబరులో ఓటర్లు బొమ్మలు కొనడానికే మొగ్గు చూపారు. ఈ సంగతి విని ఎనభై దాటిన పికాసో ఆ నగరానికి మరి నాలుగు చిత్రాలు ఊరికే ఇచ్చాడు.

ఈ కథను చాలామంది ఇక్కడితో ఆపుతారు. కానీ ఆ రెండు పికాసోలూ ఊరివైతే అయ్యాయి గాని, అదే సేకరణలోని మిగిలిన బొమ్మలు ఎరువుగానే ఉండిపోయాయి. వాటిలో ఫ్రెంచి చిత్రకారుడు గొగాఁ పసిఫిక్ దీవి తాహితిలో 1892లో చిత్రించిన ఇద్దరు యువతుల బొమ్మ ఒకటి. అర్ధశతాబ్దానికి పైగా ఆ మ్యూజియంలో వేలాడిన ఆ చిత్రాన్ని, మ్యూజియం మరమ్మతుల కోసం మూతపడ్డ 2015లో, కుటుంబం వెనక్కి తీసుకుని 20 కోట్ల డాలర్లకు పైబడిన ధరకు అమ్మివేసింది. అందులో కుటుంబం చేసిన తప్పు ఏమీ లేదు, ఇల్లడ పెట్టినవాడు ఇల్లడ అడిగాడు, అంతే. అయితే అన్నేళ్లు గోడ ఇచ్చి, కాపలా ఇచ్చి, పుస్తకాల్లో అచ్చువేసి, ఆ బొమ్మ పేరు పెరగడంలో మ్యూజియం వహించిన పాత్రకు కాగితం మీద విలువ ఏమైనా కట్టి ఉందా అన్నది నా వంటి బ్యాంకు మనిషికి తట్టే మొదటి ప్రశ్న.

ఇక నా స్వానుభవం. మా మేనమామ మాంబళంలో వైద్యుడు. 1966లో చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్ చొరవతో మహాబలిపురం దారిలో చోళమండల కళాకారుల గ్రామం ఏర్పడిన కొద్ది రోజులకే, ఎవరో రోగి వెంట అక్కడికి వెళ్లిన ఆయన, ఆ తరువాత ప్రతి నెలా వెళ్లడం అలవాటు చేసుకున్నారు. ఆ రోజుల్లో ఆ చిత్రకారులు బట్టల మీద బాటిక్ అద్దకాలు వేసి అమ్ముకుని, ఆ డబ్బుతో ఇసకనేల మీద ఇళ్లు కట్టుకునేవారు. మా మామ మొదట బాటిక్ గుడ్డలు కొన్నారు, తరువాత కాన్వాసులు కొన్నారు, డబ్బు చాలనప్పుడు వాయిదాల మీద కొన్నారు. మా అత్తయ్య మాటల్లో చెప్పాలంటే, ఇంట్లో ఫ్రిజ్ లేకపోయినా గోడ ఖాళీ లేదు. ఆయన చేసిన మంచిపని మరొకటి ఉంది. నీలం అట్ట ఉన్న ఒక చిట్టాపుస్తకంలో ప్రతి బొమ్మకూ ఒక పుట కేటాయించి, కొన్న తేదీ, ఇచ్చిన ధర, పొడవు వెడల్పులు, వేసినవాడు ఆ బొమ్మ గురించి నోటితో చెప్పిన మాట రాసిపెట్టుకున్నారు. మొత్తం 37 పుటలు నిండాయి.

మామ పోయిన తరువాత, పిల్లలు ఇద్దరూ విదేశాల్లో ఉండగా, ఆ బొమ్మల భారం నా మీద పడింది. అమ్మడం అత్తయ్యకు ఇష్టం లేదు. నగరంలోని ఒక సంస్థను ఆశ్రయించాము. వారు మర్యాదగా వచ్చి చూసి, ప్రస్తుతానికి 11 చిత్రాలు తీసుకుంటామని, మిగిలినవాటికి చోటు చూసుకుని కబురు చేస్తామని చెప్పారు. వ్యాను వచ్చింది, పాత దుప్పట్లు చుట్టి ఎక్కించారు, ఒక రసీదు ఇచ్చారు. ఆ రసీదులో ఉన్నది ఒకే వరుస, ‘చిత్రములు, 11’ అని. పేర్లు లేవు, కొలతలు లేవు, దానమో ఎరువో లేదు, ఫలానా మూల చిరిగి ఉందనో బాగుందనో లేదు. నేను బ్యాంకులో ఒక సీలు వేసిన పొట్లాన్ని సేఫ్ కస్టడీకి తీసుకున్నా రిజిస్టరులో దాని కొలత, సీలు గుర్తు, ఇచ్చినవారి సంతకం, పుచ్చుకున్నవారి సంతకం లేకుండా పెట్టె మూత వేసేవాణ్ణి కాదు. అటువంటివాణ్ణి ఆ రోజు ఎందుకు నోరు మెదపలేదని నన్ను నేను ఇప్పటికీ అడుగుతుంటాను. మంచిపని చేస్తున్నవాళ్ల దగ్గర లెక్క అడగడం మర్యాద కాదని మనలో ఒక పిచ్చి మొహమాటం ఉంది.

ఆరేళ్ల తరువాత అత్తయ్య చూడాలని ముచ్చటపడితే తీసుకువెళ్లాను. అధికారులు మారారు. మా రసీదు చూసి పాపం వారే కంగారు పడ్డారు. గంటసేపు వెతికి ఒక వెనకగది తలుపు తీయించారు. బొమ్మలు నేలమీద ఒకదానికొకటి ఆనించి ఉన్నాయి, మొహానికి మొహం తగిలించి. వాటిలో మావి తొమ్మిది దొరికాయి. మిగతా రెండూ ఏమయ్యాయి, అసలు అక్కడికి వచ్చాయా, ఎవరి గదిలోనైనా అలంకారానికి వెళ్లాయా అన్నదానికి ఆ ఒక్క వరుస రసీదు ఏమి సమాధానం చెప్పగలదు? నేను ఎవరినీ నిందించడం లేదు. దొంగతనం జరిగిందని కూడా అనడం లేదు. ఏం జరిగిందో చెప్పగల కాగితమే పుట్టలేదన్నది నా ఫిర్యాదు. దొరికిన తొమ్మిదింటిలో నాలుగింటికి బూజు పట్టింది, ఒకదాని చట్రాన్ని చెదలు తిన్నాయి.

చెన్నై గాలి గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. సముద్రపు తేమ కాన్వాసును వదులు చేస్తుంది, ఎండ బిగిస్తుంది, ఈ లాగుడుకు రంగు పొర పగుళ్లు తీస్తుంది. పగలు ఏసీ వేసి సాయంత్రం ఆఫీసు కట్టేటప్పుడు దాన్నీ కట్టేసే గదిలో ఈ లాగుడు రోజూ జరుగుతుంది కనుక, అసలు ఏసీ లేకుండా గాలి ఆడే గదే కొంత నయం. అట్లాగే 2015 డిసెంబరు వరదల తరువాత ఈ నగరంలో ఎవరైనా బొమ్మలను కింది అంతస్తులో నేలమీద పెడుతున్నారంటే, వారికి జ్ఞాపకశక్తి లేదని అనుకోవాలి. కమ్మీల వల బిగించిన జారుడు చట్రాలకు బొమ్మలను నిలువుగా తగిలించి నేలకు ఎత్తుగా ఉంచే ఏర్పాటుకు కోట్ల ఖర్చు అక్కరలేదు. కావలసినది ఆ గది తాళంచెవి ఫలానా మనిషి బాధ్యత అని రాసి ఉండటం.

ఎగ్మూరు మ్యూజియం విషయానికి వస్తే, 1851లో మొదలైన ఆ సంస్థ మీద తెలుగువారికి వేరే మమకారం ఉంది, మన అమరావతి శిల్పాలు అక్కడ ఉన్నాయి కనుక. ఆ శిల్పాల కథ కూడా ఒక అప్పగింత కథే. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు తరలించిన పలకలు ఏళ్ల తరబడి ఆరుబయట ఎండకూ వానకూ పడి ఉన్నాయి. 1859లో ఓడ ఎక్కించి లండను పంపినవి అక్కడ ఒక బండ్ల కొట్టంలో చేరి మరుగున పడిపోగా, 1867లో కట్టడాల చరిత్రకారుడు జేమ్స్ ఫెర్గుసన్ కంటపడ్డాయి. సున్నపురాయి కనుక అవి ఓర్చుకున్నాయి. కాన్వాసు గుడ్డకు అంత ఓర్పు లేదు. అదే ఆవరణలో హెన్రీ ఇర్విన్ రూపకల్పనతో 1909లో ప్రారంభమైన ఎర్రరాతి భవనం, మనం జాతీయ చిత్రశాల అని పిలుచుకునేది, రవివర్మ చిత్రాలకు నెలవైనది, కట్టడం బలహీనపడిందన్న కారణంతో ఈ శతాబ్దం మొదట్లో మూతపడి ఏళ్ల తరబడి తలుపులు తెరవలేదు. సొంత బొమ్మలకే గది లేని చోట పరాయి బొమ్మలను ఎవరు ఉంచుతారని ఒక మిత్రుడు నాతో అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉందని ఒప్పుకుంటూనే, ఆధునిక చిత్రాలకు ఆ ఆవరణలో వేరే భవనం ఉన్న సంగతి గుర్తుచేస్తున్నాను.

ఆ మ్యూజియానికి ఎక్కువ దూరంలో లేని చిత్రకళాశాల 1850లో పుట్టింది. 1929లో దేవీప్రసాద్ రాయ్ చౌదరి, 1957లో పణిక్కర్ దానికి ప్రిన్సిపాళ్లు అయ్యారు. ఆధునిక చిత్రకళలో మద్రాసు ఉద్యమం అని ఈనాడు కళాచరిత్రకారులు పిలిచేది అక్కడ మొలకెత్తింది. అంట్యాకుల పైడిరాజు, కె. శ్రీనివాసులు, ఎం. రెడ్డెప్ప నాయుడు, ఎస్.వి. రామారావు వంటి తెలుగు చిత్రకారులు అక్కడే చదివారు. ఆ తరం చిత్రాలను ఒకచోట చూడాలనుకునే పాఠకుడు ఎక్కడికి వెళ్లాలి? చోళమండలంలో కళాకారులు తమంతట తాము పెట్టుకున్న మ్యూజియానికి వెళ్లవచ్చు, అది 2009 నుంచి ఉంది. పణిక్కర్ సొంత చిత్రాలను ఎక్కువగా చూడాలంటే మాత్రం తిరువనంతపురం రైలు ఎక్కాలి. 1977లో ఆయన పోయిన రెండేళ్లకు కేరళ ప్రభుత్వం అక్కడి మ్యూజియం ఆవరణలో ఆయన పేరిట గ్యాలరీ తెరిచింది. ఆయన మలయాళీయే, కాదనను. కానీ ఆయన చదివి, చదువు చెప్పి, ఊరు కట్టి, చనిపోయిన నగరం ఇది. మనవాళ్లు అడగలేదు, వాళ్లు అడిగారు.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. 1972 నాటి పురావస్తు, కళానిధుల చట్టం కింద రవివర్మ, అమృతా షేర్‌గిల్, జామినీ రాయ్ మొదలైన తొమ్మిదిమంది చిత్రాలు మాత్రమే దేశం దాటకూడని కళానిధులు. ఆ తొమ్మిదిమందిలో మద్రాసు ఉద్యమానికి చెందినవారు ఒక్కరూ లేరు. అందుచేత ఈ నగరంలోని ఇళ్లలో ఉన్న ఆ తరం చిత్రాలకు చట్టం కాపలా లేదు, ఇంటివాళ్ల అభిరుచే కాపలా. ఆ ఇళ్లు ఇప్పుడు ఒక్కొక్కటిగా కూలి అపార్టుమెంట్లు లేస్తున్నాయి. తియాగరాయనగర్‌లో, కోడంబాక్కంలో, సినిమావాళ్లూ వైద్యులూ వకీళ్లూ కట్టుకున్న పెద్ద ఇళ్లు బిల్డరు చేతికి వెళ్లే నెలలో పెళ్లి ఫొటోలు అమెరికా వెళతాయి, వెండి సామాను అమ్మాయి ఇంటికి వెళుతుంది, గోడమీద బొమ్మ ఎవరికీ అర్థంకాక పాత సామాన్ల అంగడికి వెళుతుంది. నేను ఒకసారి అటువంటి అంగడిలో, ఇస్త్రీ బల్లకీ కుక్కర్లకీ నడుమ, మా మామ చిట్టాలో పేరున్న ఒక చిత్రకారుడి సంతకం చూశాను. చట్రం బాగుందని దాని ధర చెప్పాడు అంగడివాడు.

ఈ ఇళ్లవాళ్లలో పదిమందిలో నలుగురైనా మ్యూజియానికి ఇవ్వడానికి సిద్ధంగా ఉంటారని నా నమ్మకం. వారికి దారి తెలియదు. ఏ అధికారికి రాయాలో, ఏం తీసుకుంటారో, ఏం తీసుకోరో, ఎన్నాళ్లలో జవాబు ఇస్తారో చెప్పే ఒక్క పుట పత్రం నాకు ఎక్కడా దొరకలేదు. ఆ ఒక్క పుటను తయారుచేసి, ఇంగ్లీషుతోపాటు తమిళంలోనూ, కుదిరితే తెలుగులోనూ ప్రకటించమని ప్రభుత్వ మ్యూజియంల శాఖను కోరడం ఈ ఉత్తరం ప్రధానోద్దేశం.

అందులో ఏం ఉండాలన్న దాని మీద నాకు కొన్ని నిశ్చితాభిప్రాయాలు ఉన్నాయి. తీసుకునే ప్రతి చిత్రానికీ ఫొటో, కొలత, ఆనాటి స్థితి రాసిన వరుస రసీదులోనే ఉండాలి, దాని మీద ఇరుపక్షాల సంతకాలు ఉండాలి. దానమైతే రిజిస్టరు చేయించాలి. చరాస్తిని చేతికి ఇచ్చినా 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం ప్రకారం దానం చెల్లుతుంది గాని, చేతికి ఇచ్చినది దానమా ఇల్లడా అన్న తగవు ముప్పై ఏళ్ల తరువాత మనవల మధ్య పుట్టినప్పుడు, కాగితం లేనివాడు ఓడిపోతాడు. వీలునామా ద్వారా ఇవ్వదలచినవారు ఇద్దరు సాక్షుల సంతకం మరువకూడదు. ఐర్లండుకు చెందిన చిత్రసేకర్త హ్యూ లేన్ తన 39 ఆధునిక ఫ్రెంచి చిత్రాలను మొదట లండనుకు రాసి, తరువాత మనసు మార్చుకుని డబ్లిన్‌కు చెందాలని 1915లో అనుబంధం రాశాడు. సంతకం పెట్టాడు, సాక్షుల చేత పెట్టించలేదు. ఆ మే నెలలో లూసిటానియా ఓడతో పాటు మునిగిపోయాడు. ఆ సాక్షి సంతకాల లోపం మీద రెండు దేశాలు 1959 దాకా పోట్లాడుకుని, చివరకు బొమ్మలను వంతులవారీగా పంచుకోవలసి వచ్చింది.

ఎరువుగా ఇచ్చేవారి విషయంలో నాది కొంచెం కఠినమైన పట్టింపు. గడువు లేని ఎరువును ప్రభుత్వ మ్యూజియం ఒప్పుకోకూడదు. ఇరవై ఏళ్లో పాతికేళ్లో గడువు పెట్టుకుని, ఆ కాలంలో మ్యూజియం ఏటా ఇన్ని నెలలైనా వాటిని జనానికి చూపించి, ఏడాదికొకసారి లెక్క సరిచూసి కుటుంబానికి కాగితం పంపితే, గడువు తీరిన నాడు అది దానంగా మారేటట్టు మొదటి రోజే రాసుకోవాలి. మ్యూజియం మాట తప్పితే కుటుంబం వెనక్కి తీసుకోవచ్చు. కుటుంబమే మధ్యలో తీసుకోదలిస్తే ఏడాది ముందు చెప్పాలి, మరమ్మతులకు అయిన ఖర్చు కట్టాలి, అమ్మదలిస్తే మొదట మ్యూజియాన్నే అడగాలి. బాసెల్‌లో ఇట్లా రాసుకుని ఉంటే గొగాఁ అక్కడే ఉండేదని నేను చెప్పలేను. ఆ ధరకు ఏ నగరమూ తూగదు. మన చిత్రాల ధరలు ఇంకా ఆ ఎత్తుకు ఎక్కలేదు కనుక, ఒప్పందం రాసుకోవలసిన సమయం ఇదే.

దాతలకు కూడా కొన్ని సంగతులు చేదుగా చెప్పాలి. అన్ని బొమ్మలూ ఎప్పుడూ ఒకేచోట, నా తండ్రి పేరు పెద్ద అక్షరాలతో, ఒక్కటీ తీయకుండా వేలాడాలి అని షరతు పెట్టేవారు బొమ్మలకు మేలు చేయడం లేదు. ఏది తీసుకోవాలి, ఏది అక్కరలేదు అని ఎంచుకునే హక్కు మ్యూజియంలో సేకరణను చూసుకునే క్యూరేటరుకు ఉండాలి. అయితే వద్దన్నప్పుడు ఎందుకు వద్దో రాసి ఇవ్వాలి. 1894లో చనిపోయిన ఫ్రెంచి చిత్రకారుడు కైబోట్ తన మిత్రుల చిత్రాలను ప్రభుత్వానికి రాసి ఇస్తూ, వీటిని అటక మీద పెట్టకూడదు, మారుమూల మ్యూజియానికీ పంపకూడదు అని షరతు పెట్టాడు. ప్రభుత్వం అరవైకి పైగా ఉన్న వాటిలో నలభై వరకు తీసుకుని మిగతావి వద్దంది. ఆ వద్దన్నవాటిలో ఏముందో తలచుకుని ఈనాటికీ ఫ్రెంచివాళ్లు నాలుక కరుచుకుంటారు. నాకు ఆ కథలో అన్నిటికంటే నచ్చినది అటక ప్రస్తావన. మన ఇళ్లలోనూ, మన సంస్థల్లోనూ అర్థంకాని వస్తువు చివరకు చేరేది అక్కడికే కదా.

బొమ్మతోపాటు హక్కులన్నీ వస్తాయనుకోవడం కూడా పొరపాటు. 1957 నాటి కాపీరైటు చట్టం కింద, చిత్రకారుడు రాసి ఇవ్వకపోతే, అచ్చువేసే హక్కు కాన్వాసు కొన్నవాడిది కాదు, గీసినవాడిదీ అతని వారసులదీ. అది అతని మరణం తరువాత 60 ఏళ్లు ఉంటుంది. మా మామ డబ్బిచ్చి కొన్న బొమ్మను మ్యూజియం పోస్టుకార్డుగా వేయాలంటే నా అనుమతి చాలదు. ఈ సంగతి అప్పగింత రోజునే పరిష్కరించుకుంటే తరువాత క్యాటలాగు ఆగిపోదు.

ప్రభుత్వ సొమ్ముతో ధనవంతుల బొమ్మలకు సేవలు చేయడం ఏమిటన్న అభ్యంతరం మీ పాఠకుల్లో కొందరికి కలుగుతుందని తెలుసు. అందుకే ఇచ్చే కుటుంబం, స్తోమత ఉంటే, బొమ్మలతోపాటు వాటి పోషణకు కొంత మూలధనం కూడా ఇవ్వాలన్నది నా మతం. గుడికి పొలం రాసి ఇచ్చేటప్పుడు దీపారాధనకు వేరే ఏర్పాటు చేసే సంప్రదాయం మనకు ఉండనే ఉంది. స్తోమత లేనివారి విషయంలో చెన్నైలోని తెలుగు సంఘాలు ముందుకు రావచ్చు. ఉగాదికి వేదిక కట్టడానికి అయ్యే ఖర్చులో సగంతో ఒక గదికి జారుడు చట్రాలు పెట్టించవచ్చు.

ప్రభుత్వం పూనుకుంటే జరగదని కూడా నేను అనుకోవడం లేదు. హైదరాబాదులో మూడవ సాలార్‌జంగ్ 1949లో వారసుడు లేకుండా పోతే, చుట్టాలందరితో రాజీ కుదుర్చుకుని, 1961లో పార్లమెంటు చట్టమే చేసి ఆ సంపదను నిలబెట్టారు. రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు 1925లో 28 ఏళ్లు నిండకుండానే కన్నుమూస్తే, భార్య సత్యవాణి, మిత్రులు ఆ చిత్రాలను కాపాడి నిలపగా, తరువాత ప్రభుత్వం ఆ చిత్రశాల బాధ్యత తీసుకుంది. బెంగళూరులో ఇందుకు తలకిందులైన ఉదాహరణ ఉంది. ప్రభుత్వానికి చెందిన వెంకటప్ప చిత్రశాలను దత్తత పేరుతో ఒక ప్రైవేటు ఫౌండేషన్‌కు అప్పగించబోతే, అక్కడి కళాకారులు వీధికెక్కి నిలదీశారు. అప్పగింత ఏ వైపు నుంచి ఏ వైపుకు జరిగినా, ఒప్పందంలోని మాటలను ముందుగా జనం ముందు పెట్టాలని వారు అడగడం నాకు న్యాయంగా తోచింది.

మా మామ చిట్టాలోని 37 పుటల్లో 26 పుటలకు సంబంధించిన బొమ్మలు ఇప్పటికీ మా ఇంట్లో, అటక మీద కాకుండా, మేడమీది గదిలో దూలానికి వేలాడదీసి ఉన్నాయి. అత్తయ్య కిందటి ఏడు కాలం చేశారు. పిల్లలు ఇద్దరూ రాతపూర్వకంగా నాకు అధికారం ఇచ్చారు. ఈ నగరంలోని ఏ ప్రభుత్వ మ్యూజియమైనా పైన చెప్పిన పద్ధతికి ఒప్పుకుంటే ఆ 26 చిత్రాలనూ, చిట్టా నకలునూ, ఒక గదికి చట్రాలు పెట్టించడానికి అయ్యే ఖర్చునూ ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను. నా చిరునామా మీ కార్యాలయంలో ఉంది, అడిగిన అధికారులకు ఇవ్వవచ్చు. వచ్చేటప్పుడు రసీదు పుస్తకం తెచ్చుకోమని మాత్రం చెప్పండి, అందులో 26 వరుసలు రాయవలసి ఉంటుంది.

భవదీయుడు,
మీ చిరకాల పాఠకుడు,
మైలాపూరు, చెన్నై